దరియాలతిప్ప రేవులో గంప అడుగు

యానాం వెళ్ళొచ్చానని ఎవరితో చెప్పినా ముందు నా ముఖం చూడరు, సంచి చూస్తారు. అక్కడ మందు చవక. చుట్టూ ఆంధ్ర, మధ్యలో పాండిచ్చేరి పాలన కాబట్టి గోదావరి జిల్లాల మగాళ్ళకు ఆ ఊళ్ళో ఎప్పుడూ ఏదో ఒక పని పడుతూ ఉంటుంది. నేను చుక్క ముట్టను. ఈ సంగతి నా భార్య తప్ప ఎవరూ నమ్మరు. ఆవిడ కూడా ఈసారి కాస్త ఆలోచించి నమ్మింది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. నేను యానాం వెళ్ళింది ఒక శాస్త్రవేత్తను అనుమానించడానికి.

పేపర్లలో ఈ మధ్య కొత్త భయం మొదలైంది. బొగ్గూ చమురూ తగలబెట్టగా వచ్చే వాయువు ఆకాశంలో పేరుకుపోయి భూమి వేడెక్కుతోందని, మంచు కరిగి సముద్రం పైకి వస్తుందని కొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. అదంతా ఉత్తదేనని ఇంకొందరు శాస్త్రవేత్తలు అంటున్నారు. నేను రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుందన్నది పాతమాటే. సముద్రం ఎప్పుడు, ఎంత, ఎవరి గుమ్మంలోకి వస్తుందన్నది మాత్రం నా పాఠాల్లో లేదు.

మా పిన్ని కూతురు సత్యవతికి ఆ ఆఖరి ముక్కే కావాలి. ఆమె భర్త సూరిబాబుకి యానాం మార్కెట్లో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టుంది. రామచంద్రపురం దగ్గరి పల్లెనుంచి వ్యాపారానికని వెళ్ళి, పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు యానాం పక్కనే ఉన్న దరియాలతిప్పలో గోదావరి పాయ ఒడ్డున స్థలం కొని, రొయ్యల చెరువు తవ్వించి, పక్కనే డాబా కట్టుకోవాలని ఆశపడ్డారు. కొట్టు మీద కూడబెట్టిందంతా అందులోకే పోతుంది. అది మునిగితే వాళ్ళు మళ్ళీ లేవలేరు. ఇంతలో పేపర్లో సముద్రం గురించి చదివి ఆగిపోయారు. వాళ్ళలాగే ఆగిపోయిన వాళ్ళు ఇంకా ఉన్నారు. దాంతో రొయ్యల మేత అమ్మే కంపెనీ ఒకటి, సముద్రం ఎక్కడికీ రాదని చెప్పడానికి మద్రాసునుంచి ఒక పెద్ద శాస్త్రవేత్తను రప్పిస్తోంది.

"అన్నయ్యా, ఆయన మాట మీద ఇల్లు కట్టొచ్చో లేదో నువ్వొచ్చి విని చెప్పు. నువ్వు ఎవర్నీ ఊరికే నమ్మవు గదా" అని సరుకు లారీ అతనితో కబురు పంపింది సత్యవతి. మెచ్చుకుందో దెప్పిందో తెలియలేదు. సెలవులే కాబట్టి బయల్దేరాను. ఇక్కడ మా వీధిలోనే మంచి స్థలం అమ్మకానికి ఉంది, వచ్చేయండి అని నేను రెండేళ్ళుగా పోరుతున్నాను. మొగుడూ పెళ్ళాం పలకడం లేదు.

బస్సులో పెద్దమనిషి

రామచంద్రపురంలో నా పక్కన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో శుభ్రంగా మడతపెట్టిన ఖాళీ సంచి.

"యానామేనాండి?" అన్నాడు.

"అవునండి."

"పనిమీదాండి?"

"పనిమీదేనండి."

"మరేనండి. ఎవరెల్లినా పనిమీదే ఎల్తారు" అని కిటికీలోంచి బయటికి చూసి నవ్వుకున్నాడు.

ఒళ్ళు మండింది. ఒక శాస్త్రవేత్త ఉపన్యాసం వినడానికి వెళ్తున్నానని వివరంగా చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. "బాగుందండి. మా ఇంట్లో నేను తోడల్లుడికి ఒంట్లో బాగోలేదని చెప్పానండి. మీది ఇంకా బాగుంది" అన్నాడు.

ద్రాక్షారామంలో బస్సు ఆగితే ఇద్దరం దిగి ఇడ్లీ తిన్నాం. ప్లేటు రూపాయి. మా ఊళ్ళో దానికి ఇంకో పావలా పెట్టాలి. ఇంత చవకగా ఎలా ఇస్తున్నాడా అని చట్నీ వంక అనుమానంగా చూశాను. చట్నీలో నీళ్ళు ఎక్కువే ఉన్నాయి. అల్లం పచ్చడి మాత్రం అమోఘం. పైసలు నన్ను ఇవ్వనివ్వకుండా ఆ పెద్దమనిషే ఇచ్చేశాడు. ఎందుకిచ్చాడా అని యానాం వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. దిగాక కూడా బస్టాండులో కబుర్లు ఆపకపోతే తెలిసింది, ఆయనకు మాట్లాడుకోవడానికి తోడు కావాలంతే.

ఎర్ర టోపీల ఊరు

యానాంలో మొదట కళ్ళకు కనిపించేది పోలీసుల ఎర్ర టోపీలు. మన పోలీసు ఏ చెట్టు నీడలో ఉన్నాడో వెతకాలి. ఇక్కడ వీధి ఆ చివరనుంచే తెలిసిపోతుంది. వీధులు కూడా అంతే, గీత గీసినట్టు ఉంటాయి. మా రాజమండ్రి సందుల్లో పెరిగిన నాకు ఇంత తిన్నని వీధిలో నడుస్తుంటే ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టే ఉంది.

టీకొట్టు గోడ మీద ఉపన్యాసం పోస్టరు అంటించి ఉంది. డాక్టర్ శేషాచలం గారట. పేరు వెనకాల ఇంగ్లీషు అక్షరాలు గూడ్సు పెట్టెల్లా సాగిపోయాయి. ఏ అక్షరం దేనికో రాయలేదు. పేరు కింద 'ప్రపంచ ప్రఖ్యాత' అని ఉంది. నిజంగా ప్రఖ్యాతి ఉన్నవాడికి ఆ ముక్క అచ్చేసుకోవలసిన అవసరం ఉండదని నాకు అప్పుడే అనిపించింది.

రాత్రి భోజనంలో మామిడికాయ పప్పూ, గుమ్మడి వడియాలూ. సూరిబాబు ఒక్క మెతుకూ సరిగ్గా తినలేదు.

"ఉత్త డాక్టరు కాదండి బావగారూ, డాక్టరేటండి."

"దేంట్లో?"

"అది రాయలేదండి."

"రాయలేదంటేనే చెప్పుకోదగ్గది కాదన్నమాట" అన్నాను.

అతని ముఖం మాడిపోయింది. సత్యవతి నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసి, "చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నావేంటన్నయ్యా. రేపు విను ముందు" అంది.

రేవులో నా బేరం

పొద్దున్నే సూరిబాబు స్కూటరు మీద దరియాలతిప్ప తీసుకెళ్ళాడు. వాళ్ళు కొనాలనుకుంటున్న స్థలం చూశాను. నేల చదునుగా ఉంది, ముందు పాయ, అవతల మడచెట్లు, గాలి హాయిగా ఉంది. నాకే అక్కడ ఒక కుర్చీ వేసుకుని కూర్చోవాలనిపించింది. నీటికీ నేలకూ మధ్య ఎత్తు మాత్రం నా మోకాలి దాకా కూడా లేదు. ఆ మాట పైకి అన్లేదు.

తిరిగొస్తూ రేవు దగ్గర, "మీరు చేపలు తీసుకుంటూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని సూరిబాబు ఎవరితోనో మాట్లాడ్డానికి వెళ్ళాడు. పడవలనుంచి దించిన గంపలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కో గంప దగ్గర ఒకడు నించుని వేలం పాట పాడుతున్నాడు. మొదటి గంప దగ్గరికి వెళ్ళానో లేదో అక్కడి నడివయసు మనిషి, "ఇందులో నాకు వాటా ఉందండోయ్, సూస్కోండి" అని గట్టిగా అరిచాడు. వాటా అన్న మాట చెవిన పడగానే నేను వెనక్కి తిరిగాను. తన సరుకు తనే పొగుడుకునేవాడి దగ్గర కొనడానికి నేనేం వెర్రివాణ్ణా.

పక్క గంప దగ్గరికెళ్ళి, "నీకు వాటా ఉందా?" అని అడిగాను.

"లేదండి. పడవోళ్ళు పాడమన్నారు, పాడతన్నాను."

నాకు కావలసిన మనిషి ఇతనే అనుకున్నాను. పైన కొయ్యింగలు, మంచి ఖరీదైన చేపలు, నిగనిగలాడుతున్నాయి. పాట నాకే కొట్టేశాడు. గంప ఎత్తించుకుని గర్వంగా స్కూటరెక్కాను.

ఇంట్లో సత్యవతి గంప వంచితే పైన రెండు వరసలు కొయ్యింగలు. కింద అంతా ముళ్ళ పరిగెలు, చిల్లర చేపలు. ఆమె వంటింటి గడప మీద కూలబడి నవ్వింది. సూరిబాబు నవ్వాపుకోలేక కొట్టుకి వెళ్ళిపోయాడు.

"వాడు అబద్ధమాడాడు" అన్నాను.

"లేదన్నయ్యా. అతనికి వాటా లేదు, నిజమే. గంప నింపినవాళ్ళకి ఉంది కదా. అతను అడుగు చూశాడా ఏంటి? వాళ్ళిచ్చింది పాడాడు." కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది. "మా రేవులో ఒక పద్ధతుంది. పాడే మనిషికి వాటా ఉంటే ముందు ఆ మాట అరవాలి. అరిచాక గంప చాప మీద బోర్లించాలి. అందరూ అడుగు చూశాకే పాట. వాటా ఉందన్నది నిన్ను పొమ్మనడానికి కాదు, బోర్లించేది నించుని చూడమనడానికి."

మా రాజమండ్రి మార్కెట్లో వాటా ఉందని ఎవడూ చెప్పడు, అందరూ ధర్మానికే అమ్ముతున్నట్టు మాట్లాడతారు. ఆ అలవాటే నన్ను ముంచింది. పరిగెల పులుసు రుచిగానే ఉంది గానీ ముళ్ళు ఏరుకుంటూ మధ్యాహ్నమంతా గడిచిపోయింది.

సముద్రం రాదన్న పెద్దమనిషి

సాయంత్రం కల్యాణమండపంలో ఉపన్యాసం. వేదిక మీద బ్యానరు కట్టారు. దానిమీద శాస్త్రవేత్త పేరు చిన్నగా, మేత కంపెనీ పేరు పెద్దగా ఉంది. గుమ్మంలోనే ఒక్కొక్కరి చేతిలో ఒక పలహారం పొట్లం పెడుతున్నారు, పొట్లం మీద కూడా కంపెనీ పేరే. వద్దంటే బాగుండదని ఒకటి తీసుకుని సంచిలో పడేశాను.

శేషాచలం గారిని చూస్తే దళారిలా ఉంటాడనుకున్నాను. ఆయన నలిగిన ఖద్దరు చొక్కా వేసుకుని, నెమ్మదిగా, మంచి తెలుగులో మాట్లాడాడు. "సముద్రం మీ దగ్గరికి రావడం కాదు, మీరే దాని మీదికి వెళ్తున్నారు. గోదావరి ఏటా ఒండ్రు తెచ్చి నేలను ముందుకు తోస్తోంది. మీ తాతలు పడవ కట్టిన చోట మీరిప్పుడు కొబ్బరి వేశారు. అవునా కాదా?" అన్నాడు. ముసలివాళ్ళు అవునని తలూపారు. అందులో అబద్ధం ఏమీ లేదు, అదే నాకు నచ్చలేదు. తర్వాత ఒక రేవులో ఏళ్ళ తరబడి కొలిచిన నీటిమట్టం గీతను పెద్ద అట్ట మీద చూపించాడు. గీత మంచం మీద పడుకున్న మనిషిలా కదలకుండా ఉంది. జనం చప్పట్లు కొట్టారు. సూరిబాబు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ప్రశ్నలు అడగమన్నారు. నేను లేచాను.

"తమరి డాక్టరేటు దేంట్లోనండి?"

"ఇనుప రాయి మీద. గనుల్లో దాన్ని ఎలా వెతకాలన్నదాని మీద."

"మరి సముద్రం గురించి..."

"మీరేం చేస్తుంటారు మాస్టారూ?"

"ఇంటర్లో ఫిజిక్స్ చెబుతానండి."

"రాళ్ళవాడు సముద్రం గురించి మాట్లాడకూడదంటే, ఇంటర్ మాస్టారు కూడా కూర్చోవాలి కదండీ" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

"తమర్ని ఇక్కడికి ఎవరు తీసుకొచ్చారండి?"

"ఈ కంపెనీవారే. రైలు టిక్కెట్టు, బస, పారితోషికం, అన్నీ వాళ్ళవే. దాచేదేముంది?"

మళ్ళీ చప్పట్లు. నేను రాత్రంతా నూరుకున్న కత్తిని ఆయన చేత్తో పట్టుకుని పక్కన పెట్టేశాడు. చదువు వేరే, సొమ్ము వేరేవాళ్ళది. రెండూ ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నవాణ్ణి ఇంకెలా పట్టుకోవాలి?

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి సత్యవతి లేచింది. ఆమె సభలో మాట్లాడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు. కొంగు రెండు చేతులతో పట్టుకుంది.

"బాబుగారూ, కంపెనీది వాటా అని చెప్పారు, బాగుందండి. మా రేవులో ఆ మాట చెప్పినాయన గంప బోర్లించాలండి. మీరు ఒక్క రేవు గీతే చూపించారు. మిగతా రేవులవి కూడా చూపించండి."

ఆయనకు అర్థం కాలేదు. ముందు వరసలో ఒకాయన గంప సంగతి వివరించాడు. శేషాచలం గారు నవ్వాడు గానీ ఈసారి నవ్వు ఆలస్యంగా వచ్చింది.

"అన్నీ మోసుకురావాలంటే లారీ కావాలమ్మా."

"అన్నీ వద్దండి. ఇంకో రెండు చాలు."

"మద్రాసులో ఉన్నాయి. పంపిస్తాను."

"పోనీ, ఏం కనిపిస్తే మీరు మీ మాట తప్పని ఒప్పుకుంటారో అదైనా చెప్పండి. మేం ఇల్లు కట్టాక దానికోసం చూస్తూ ఉంటాం."

ఆయన అట్ట వంక చూశాడు. ఇంతలో కంపెనీ మేనేజరు మైకు అందుకుని, కాఫీ చల్లారిపోతోందని చెప్పి వందన సమర్పణ మొదలుపెట్టాడు.

కాఫీ దగ్గర

బయట కాఫీ గ్లాసులు పట్టుకుని నేనూ ఆయనా పక్కపక్కనే నించున్నాం. తప్పించుకుంటాడనుకున్నాను, తప్పించుకోలేదు.

"మిగతా రేవుల్లో ఏముందండీ?" అన్నాను.

"కొన్నిట్లో పెరిగింది. కొన్నిట్లో తగ్గింది. కొన్నిట్లో కొలిచేవాడే సరిగ్గా లేడు. ఈ పాయ ఒడ్డు సంగతి ఖచ్చితంగా ఎవరికీ తెలియదు మాస్టారూ."

"ఆ మాట వేదిక మీద ఎందుకు అనలేదు?"

ఆయన గ్లాసు అడుగునున్న కాఫీ తిప్పాడు. "తెలియదని చెప్పడానికి ఎవరూ రైలు టిక్కెట్టు కొనివ్వరండి" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఇంత తెలిసినవాడు ఇంతకు అమ్ముడుపోవడం ఏమిటా అనిపించింది.

"ఆ ప్రశ్న అడిగినావిడ మీ చెల్లెలటగా" అన్నాడాయన. "ఆవిడ ఇక్కడ కట్టకపోతే మీకేమైనా కలిసొస్తుందా?"

"నాకేం వస్తుందండీ" అన్నాను వెంటనే. అంత వెంటనే అన్నానని నాకే తెలిసింది. ఆయన నమస్కారం పెట్టి జీపెక్కాడు.

అగ్రహారం వైపు

మర్నాడు పొద్దున్న సత్యవతి నా ముందు కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది. సూరిబాబు తలుపు దగ్గర నించున్నాడు. "చెప్పన్నయ్యా" అంది.

ఆయన చదివింది రాళ్ళ చదువు, డబ్బు కంపెనీది, చూపించింది ఒక్క గీత, కట్టొద్దు అని చెప్పేస్తే అయిపోయేది. దానికే పిలిచారు నన్ను. కానీ నిన్నటి పరిగెల ముళ్ళు ఇంకా గొంతులో ఉన్నట్టే ఉంది.

"ముందు ఒకటి వినండి. నాకూ వాటా ఉంది" అన్నాను. "మా వీధిలో స్థలం మీరు కొంటే నాకు పక్కన మనవాళ్ళుంటారని ఆశ. మీరిక్కడ కట్టకూడదనే నేను బస్సెక్కాను. ఆయన మోసగాడైతే బాగుండునని దారంతా కోరుకున్నాను."

సత్యవతి ఏమీ ఆశ్చర్యపోలేదు. "అది మాకు తెలుసులే. ఇంక బోర్లించు" అంది.

బోర్లించాను. గోదావరి నేలను పెంచుతుందన్నది నిజం. భూమి వేడెక్కుతుందంటున్న వాళ్ళలో గాలినీ సముద్రాన్నీ చదువుకున్నవాళ్ళు ఎక్కువన్నది నిజం. వాళ్ళకీ ఎవరో ఒకరు జీతాలిస్తారన్నది నిజం. అయితే వాళ్ళు తమ లెక్క ఎక్కడ తప్పొచ్చో కూడా రాస్తున్నారు, ఈయన రాయలేదు. మీ చెరువు గట్టు మునుగుతుందో లేదో, ఎప్పుడో నాకు తెలియదు. ఆ నేల నీటికి మోకాలెత్తు కూడా లేదన్నది మాత్రం నేను కళ్ళతో చూశాను.

"నీ డబ్బైతే కడతావా?" అని అడిగింది.

"కట్టను."

సూరిబాబు తలుపు వదిలి వచ్చి నేల మీద కూర్చున్నాడు. సత్యవతి అతని వంక చూసి, "కొట్టు వదలొద్దండి. ఇక్కడే యానాం అగ్రహారంలో ఆ చిన్న స్థలం అమ్మకానికి ఉంది గదా, అక్కడ రెండు గదులు వేసుకుందాం. రొయ్యలు ఇంకొకళ్ళు పెంచుతారు, వాళ్ళకి తాళ్ళు మనం అమ్ముదాం" అంది. అతను తలూపి, "పాయ మీంచి గాలి బాగుండేది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నా ప్రాణం ఉసూరుమంది.

"మరి రాజమండ్రి?" అన్నాను ఆశ చావక.

"నీ పక్కన ఉంటే రోజూ మా పాలల్లో నీళ్ళున్నాయేమో చూస్తావు. వద్దులే అన్నయ్యా" అంది. కంపెనీ కోరింది జరగలేదు, నేను కోరిందీ జరగలేదు. బాధ పడలేదంటే అబద్ధం. అగ్రహారం స్థలం చూపిస్తే చూశాను. ఎత్తుగానే ఉంది. గాలి లేదు.

పొలిమేరలో

తిరుగు బస్సులో ఆకలేసింది. సత్యవతి కట్టిచ్చింది రాత్రికని దాచి, సంచిలో చెయ్యి పెడితే నిన్నటి పొట్లం తగిలింది. విప్పాను. జీడిపప్పు పాకం, కారప్పూస. పాకం చాలా బాగుంది. ఆ మాట ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. సగం పైగా తినేశాను.

యానాం దాటగానే మన పోలీసులు బస్సాపి ఎక్కారు. ఒక కానిస్టేబుల్ నా దగ్గర ఆగాడు.

"సంచిలో ఏముందండీ?"

"బట్టలు, ఎండుచేపలు."

"సీసా?"

"లేదండి."

"యానాం వచ్చి సీసా లేకుండా ఎల్లిపోతన్నారా?" అన్నాడు. అది ఇంకా పెద్ద నేరమన్నట్టు చూశాడు.

నేను లేచి, అతను అడక్కుండానే, సంచి సీటు మీద బోర్లించాను. పంచె, తువ్వాలు, ఎండుచేపల పొట్లం, సత్యవతి ఇచ్చిన డబ్బా, అన్నీ పడ్డాయి. ఆఖర్న సగం తిన్న పలహారం పొట్లం జారింది. అతను దాన్ని తీసి, మీదున్న కంపెనీ పేరు చదివి, నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు ఈ మేత కంపెనీ మడిసాండి? అందరికీ సముద్రం రాదని చెప్తన్నారంట."

"కాదండి. నేను వాళ్ళని అనుమానించడానికి వెళ్ళాను."

అతను నా మీసానికి అంటుకున్న కారప్పూస వంక చూశాడు. నమ్మలేదు. అతని చోట నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.